రాయి కోసం వచ్చిన రైలు

మా లోయలో రెండు రకాల బళ్లు తిరుగుతాయి. ఒకటి మనుషుల బండి, ఇంకొకటి రాయి బండి. మనుషుల బండి ఎప్పుడొస్తుందో మా ఊళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎందుకంటే ఏళ్ల తరబడి అది రోజుకు ఒక్కసారే పైకి పోయేది, ఒక్కసారే కిందికి వచ్చేది. రాయి బండికి వేళ లేదు. పగలూ రాత్రీ, ఎండా వానా తేడా లేకుండా ఎర్రటి ఇనుపరాయి నింపుకుని సముద్రం వైపు దిగుతుంది. ఖాళీ పెట్టెలతో మళ్లీ కొండ ఎక్కుతుంది. ఒకటే లైను కాబట్టి ఎదురెదురుగా వచ్చే బళ్లలో ఒకటి స్టేషన్లో పక్కకు తప్పుకుని ఆగాలి. అలా ఆగిన కాసేపట్లోనే మా ఆడవాళ్లు సీతాఫలాలు, పనసతొనలు, ఉడికించిన మొక్కజొన్న పొత్తులు అమ్ముకుంటారు.

ఈ లైను కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పోతుంది. అందరూ కేకే లైను అంటారు. మేము ఈ లైను పక్క ఊళ్లల్లో పుట్టి, ఈ లైను పక్క బళ్లల్లోనే పాఠాలు చెప్పుకుంటున్న వాళ్లం. సాంఘిక శాస్త్రంలో రైలు పాఠం వచ్చినప్పుడల్లా 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మొదటి బండి నడిచిందని చెప్తాం. పిల్లలు రాసుకుంటారు. కానీ బడి కిటికీలోంచి కనబడే పట్టాలు ఎప్పుడు వేశారో, ఎవరి కోసం వేశారో, ఎవరి భూమి మీద వేశారో ఏ పాఠంలోనూ లేదు. ఆ ఖాళీని మాకు చేతనైనంత పూరించడానికే ఈ వ్యాసం. ఇప్పుడే ఎందుకు రాస్తున్నామో చివర్లో చెప్తాం.

రైలుకు ముందు ఉన్న దారులు

కొండకూ సముద్రానికీ మధ్య దారి రైలుతో పుట్టలేదు. అంతకుముందు నుంచీ ఉంది. ఆ దారి వేసింది ఉప్పు. కొండ మీద తిండిగింజలు పండుతాయి, దుంపలు దొరుకుతాయి, తేనె దొరుకుతుంది. ఉప్పు మాత్రం దొరకదు. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును బంజారాలు ఎద్దుల మీద గోనెలు వేసి తెచ్చేవారు. సాలూరు దగ్గర కొండ ఎక్కి, పొట్టంగి మీదుగా జయపురం, అక్కడి నుంచి బస్తరు దాకా వెళ్లేవారు. వచ్చేటప్పుడు ధాన్యం, నూనెగింజలు, పసుపు, అడవి సరుకు దింపేవారు. మా ముత్తాతలు చింతపండు, కరక్కాయలు, పిప్పళ్లు, మైనం కావిళ్లలో వేసుకుని సంతలకు దిగేవారు. ఉప్పు, బట్ట, కుండ తెచ్చుకునేవారు.

ఆ రోజులు బంగారమని మేము అనం. సంతలో తూకం మోసం అప్పుడూ ఉంది. కుంచం కింద బొటనవేలు పెట్టి కొలిచే సావుకారు కథలు మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ దారికి ఒక గుణం ఉంది. అది ఊరూరా ఆగేది. మోసపోయినా మారకం మా ముందే జరిగేది. కొండ నుంచి ఏం దిగుతోందో, కొండకు ఏం ఎక్కుతోందో మా కళ్లకు కనబడేది. తర్వాత వచ్చిన ఇనుప దారులకు ఆ గుణం లేదు.

1839లో తెల్లవాళ్లు 24వ చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించారు. కలెక్టరునే ‘ఏజెంటు’గా పెట్టి ఆయన చేతికి అప్పగించారు. మనం ఈరోజు వాడే ‘ఏజెన్సీ’ అనే మాట అలా వచ్చిందే. అప్పటికి వాళ్లకు కావలసింది కొండ మీద శాంతి, కిస్తు డబ్బు. రాయి మీద ఆశ ఇంకా పుట్టలేదు.

తీరం వెంబడి మొదటి పట్టాలు

ఆ ఆశ ముందు మైదానంలో పుట్టింది. 1892లో విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలుపెట్టారు. మన దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే ఆరంభం. గరివిడి, కోడూరు, గర్భాం గనుల పేర్లు ఆ రోజుల్లోనే భూగర్భ శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కాయి. అక్కడ దొరికిన ఒక రకం రాయికి ఫెర్మర్ అనే శాస్త్రవేత్త ‘కోడూరైటు’ అని ఊరి పేరే పెట్టాడు. మాంగనీసు మన పొయ్యి దగ్గర, పొలం దగ్గర పనికొచ్చే రాయి కాదు. ఉక్కు గట్టిపడటానికి కలిపేది. అప్పట్లో ఆ ఉక్కు పొయ్యిలు సముద్రానికి అవతల ఉన్నాయి. కాబట్టి రాయి సముద్రం దాకా చేరాలి. అందుకు బండి కావాలి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే తీరం వెంబడి పట్టాలు పడ్డాయి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో బెజవాడ నుంచి కటకం దాకా లైను 1893, 1896 మధ్య భాగాలుగా తెరిచారు. తర్వాత 1901–02 ప్రాంతంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు, దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకు వెళ్లాయి. ఈ లైను మీద మనుషులూ తిరిగారు, ధాన్యమూ తిరిగింది. కరువు వస్తే గింజలు తరలించడానికి రైలు ఉండాలని 1880 నాటి కరువు కమిషన్ చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ రైలు ఎక్కడ ఆగితే అక్కడ ఊరు పెరిగింది, ఎక్కడ ఆగకపోతే అక్కడ ఊరు తగ్గింది. భీమునిపట్నం డచ్చివాళ్ల నాటి నుంచి పేరున్న రేవు. పట్టాలు దాని దగ్గరికి రాకుండా విజయనగరం మీదుగా వాల్తేరుకు పోయాయి. రేవు వ్యాపారం మెల్లమెల్లగా విశాఖకు మళ్లింది.

మైదానంలో పట్టాలు పడితే కొండ మీద మాకేమిటి అనుకోవచ్చు. పట్టాల కింద దుంగలు ఉంటాయి. వాటినే స్లీపర్లు అంటారు. కర్ర స్లీపర్లు వేస్తే మైలుకు సుమారు 1,800 నుంచి 2,000 దాకా పడతాయి. చెదకూ వానకూ తట్టుకునే కర్ర కావాలి. గుగ్గిలం చెట్టు, అంటే సాల వృక్షం, అందుకు బాగా పనికొస్తుంది. అది కొండ అడవిలో పెరుగుతుంది. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. అడవికి హద్దురాళ్లు పడ్డాయి. రిజర్వు అడవిలో పోడు నేరమైంది. మా వాళ్లు గొడ్డలి పెడితే శిక్ష, కంట్రాక్టరు గొడ్డలి పెడితే అభివృద్ధి. రైలు కొండకు రాకముందే కొండ చెట్టు రైలు కిందకు వెళ్లిందని మేము అనేది ఇందుకే.

కొండ అంచు దాకా

ఆ తర్వాత పట్టాలు ఒక్కొక్కటిగా కొండ వైపు తిరిగాయి. 1900లో పర్లాకిమిడి రాజా తన డబ్బుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న లైను వేయించాడు. రెండు పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఎడం. నౌపడా ఉప్పు మళ్లకు పేరున్న ఊరు. ఆ చిన్న బండి తర్వాత 1930 ప్రాంతంలో సవర అన్నదమ్ముల దేశమైన గుణుపురం దాకా పాకింది. ఉప్పు గోనె మోసిన ఎద్దు పని అక్కడ రైలుకు వచ్చింది. ఆ లైను ఇప్పుడు పెద్ద పట్టాలుగా మారింది కానీ ముసలివాళ్లు ఆ బుల్లి బండిని ఇప్పటికీ తలుచుకుంటారు. అది పొలం గట్టు మీద మనిషి పరిగెత్తితే అందేంత నెమ్మదిగా పోయేదంటారు.

1908–09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్మ వేశారు. పాత ఉప్పు దారి కొండ ఎక్కే చోట ఇప్పుడు రైలు ఆఖరి స్టేషను. బంజారాల ఎద్దుల మందలు ఆ తర్వాత పలచబడిపోయాయి. 1931లో పార్వతీపురం లైను రాయగడ మీదుగా కొండలు దాటి రాయపూర్‌కు చేరింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇంత ఖర్చు పెట్టి తూర్పు కనుమలను చీల్చుకుని రాయపూర్ దాకా ఎందుకు పోయారు? మధ్య పరగణాల్లో, అంటే నాగపూర్, బాలాఘాట్ వైపు, మాంగనీసు పెద్ద ఎత్తున తవ్వుతున్నారు. అది బొంబాయికో కలకత్తాకో పోవాలంటే చాలా దూరం. విశాఖ దగ్గర. కానీ విశాఖలో పెద్ద ఓడ ఒడ్డుకు ఆనే రేవు లేదు. కాబట్టి లైనూ రేవూ కలిపి ఆలోచించారు. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట బురదను తవ్వి, డాల్ఫిన్ నోస్ కొండ చాటున రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ వచ్చి రేవును లాంఛనంగా తెరిచాడు.

అంటే వరస చూడండి. ముందు రాయి, తర్వాత రేవు, రెండింటి మధ్య గీత గీసినట్టు పట్టాలు. ఆ గీత కింద ఎవరున్నారన్నది లెక్కలో లేదు.

ఆ లెక్కలో లేని మనిషి ఊరుకోలేదని కూడా చెప్పాలి. గూడెం కొండల్లో వేసింది రైలు దారి కాదు, రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనికి మా వాళ్లను బలవంతంగా తోలారు. కూలి సరిగా ఇవ్వలేదు. బాస్టియన్ అనే అధికారి పేరు అందరికీ తెలిసిందే. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడితో మొదలైన పోరాటం 1924 దాకా సాగింది. అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటందొర, మల్లుదొర పేర్లు కూడా పిల్లలకు చెప్పాలి. దారి ఎవరికోసం, కూలి ఎవరిది, అడవి ఎవరిది అన్న ప్రశ్న ఆ పోరాటంలోనే గట్టిగా అడిగారు.

ఎద్దు మూపురం

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అయిదో షెడ్యూలు వచ్చింది. మా ప్రాంతం షెడ్యూల్డు ప్రాంతమైంది. 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు వచ్చాయి. మా భూమిని గిరిజనేతరులకు రాసివ్వకూడదన్నారు. కాగితం మీద కంచె పడింది. ఆ కంచె పడుతున్న రోజుల్లోనే కొండ మీదికి రైలు బయలుదేరింది.

దంతెవాడ పక్కన బైలాడీలా కొండలున్నాయి. బైలు అంటే ఎద్దు, డీలా అంటే మూపురం. దూరం నుంచి చూస్తే ఆ కొండలు ఎద్దు మూపురంలాగే ఉంటాయి. ఆ కొండల చుట్టూ ఉండేది గోండు జాతి జనం. ఆ మూపురం నిండా ఇనుపరాయి. మామూలు రాయి కాదు, నూటికి 65 పాళ్లకు మించి ఇనుము ఉండే రాయి. యుద్ధంలో దెబ్బతిని మళ్లీ లేస్తున్న జపాను ఉక్కు కర్మాగారాలకు అలాంటి రాయి కావలసి వచ్చింది. మన ప్రభుత్వానికి విదేశీ డబ్బు కావలసి వచ్చింది. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ పెట్టారు. 1960లో జపానుతో ఒప్పందం కుదిరింది. ఏటా బైలాడీలా నుంచి 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు విశాఖ రేవులో ఓడ ఎక్కించాలి.

దానికోసం వేసిన లైన్లకు కలిపి డీబీకే ప్రాజెక్టు అని పేరు. దండకారణ్య, బొలంగీర్, కిరిబురు అన్న మాటల మొదటి అక్షరాలవి. సంబల్‌పూర్ నుంచి తిట్లాగఢ్‌కు ఒకటి, బిమలాగఢ్ నుంచి కిరిబురుకు ఒకటి, కొత్తవలస నుంచి బైలాడీలాకు ఒకటి. ఈ మూడోది అన్నింటికన్నా పొడవు, సుమారు 446 కిలోమీటర్లు. అన్నింటికన్నా కష్టమైనదీ ఇదే. కొత్తవలస దగ్గర దాదాపు సముద్రం మట్టంలో మొదలయ్యే లైను శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరేసరికి సముద్రానికి సుమారు 997 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పెద్ద పట్టాల లైన్లలో అంత ఎత్తున ఉన్న స్టేషను దేశంలో అదేనని చాలా కాలం బోర్డు మీద రాసి ఉండేది. ఈ లైను మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. 1966–67 నాటికి పని పూర్తయింది. 1968లో బైలాడీలా గని నుంచి రాయి దిగడం మొదలైంది. 1976లో విశాఖలో బయటి రేవు తెరిచారు, లక్ష టన్నుల ఓడలు ఆగడానికి. 1980ల మొదట్లో లైనుకు కరెంటు తీగలు వేశారు. మా లోయలో చాలా ఇళ్లకు అప్పటికి కరెంటు లేదు. తీగలు నెత్తి మీద నుంచి పోయేవి, ఇంట్లో గుడ్డిదీపం ఉండేది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. 1966లోనే ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ తెలుగు నేల అట్టుడికిపోయింది. ప్రాణాలు పోయాయి. ఆ ఉక్కు కర్మాగారానికి సొంత గని లేదు. బైలాడీలా రాయే ప్రధానమైన ఆధారం. ఆ రాయి వచ్చేది మా కొండల మీదుగానే. తెలుగువాళ్లందరూ తమదని చెప్పుకునే ఆ ఉక్కులో మా లోయ దారి కూడా కలిసి ఉందని చాలామందికి తోచదు. ఉక్కు హక్కు అయినప్పుడు దారి ఇచ్చినవాడికి కూడా ఏదో ఒక హక్కు ఉండాలి కదా.

మా పెద్దలు చూసిన సొరంగాలు

లైను పని గురించి ఇంజనీర్ల లెక్కలు దొరుకుతాయి. ఎన్ని వంతెనలు, ఎన్ని సొరంగాలు అన్నీ ఉంటాయి. మా వాళ్లు ఏం చూశారన్నది మాత్రం పెద్దవాళ్ల నోట్లోనే ఉంది. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కొందరి దగ్గర కూర్చుని మేము విన్నది ఇక్కడ రాస్తున్నాం.

సొరంగం తవ్వడానికి మందు పేల్చే ముందు ఎర్ర గుడ్డ ఊపి కేకలు వేసేవారట. పశువులను తోలుకుని గట్టు చాటుకు పోయేవారు. పేలుడు మోగినప్పుడల్లా గుండె జారిపోయేదని, కొండకు దగ్గు పట్టిందని పిల్లలకు చెప్పేవారమని ఒక అవ్వ చెప్పింది. కొన్ని రోజుల తర్వాత అడవి పందులు, దుప్పులు ఆ పక్కకు రావడం మానేశాయి. ఆ ఏడు ఇటుకల పండక్కు వేటకు పోయినవాళ్లు వట్టి చేతులతో తిరిగొచ్చారు. శంకుదేవుడికి పెట్టిన రాయి లైనుకు అడ్డం వచ్చిందని ఒక ఊళ్లో జరిపి పెట్టారు. జరిపేటప్పుడు కోడిని కోశారు కానీ భయం పోలేదని ఆ ఊరి తాత అన్నాడు.

కూలికి మైదానం నుంచి చాలామంది వచ్చారు. రాయి కొట్టడం తెలిసిన వడ్డెరలు వచ్చారు. మా వాళ్లు మట్టి మోశారు, చెట్లు కొట్టారు, సామాన్లు ఎత్తారు. మొదటిసారి చేతిలో నోట్లు చూసినవాళ్లున్నారు. వాటితో లుంగీలు, సత్తు గిన్నెలు కొనుక్కున్నారు. ఆ సంతోషాన్ని మేము తక్కువ చేయం. కానీ భూమి సంగతి వచ్చేసరికి వేరు. పట్టా ఉన్నవాడికి నష్టపరిహారం. కొండవాలు మీద పోడు చేసుకునేవాడికి, తాతల నాటి నుంచి దున్నుతున్నా కాగితం లేనివాడికి ఏముంది? “ఇది సర్కారు కొండ” అన్నారట. సర్కారు పుట్టకముందు నుంచి మేం ఇక్కడ ఉన్నాం అని చెప్పడానికి అప్పుడు ఎవరికీ మాట రాలేదు. తెలుగు రానివాళ్లు కూడా చాలామంది. మా ఆదివాసీ ఒడియాలో, కువిలో చెప్తే వినేవాడు లేడు.

ఆ సొరంగాలు తొలిచిన రాయి పేరు మాకు చాలా కాలం తెలియదు. డి.ఎడ్. చదివే రోజుల్లో ఒక పుస్తకంలో చూసి ఆశ్చర్యపోయాం. దాన్ని ఖోండాలైటు అంటారు. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త కలహండి కొండల్లో ఆ రాయిని వివరిస్తూ అక్కడి ఖోండు తెగ, అంటే మా కొందుల, పేరు పెట్టాడు. తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉన్నది ఆ రాయే. గాలికొండ మీది బాక్సైటు కూడా ఈ రకం రాయి లక్షల ఏళ్లు వానకు అరిగితే పుట్టిందే. తెగ పేరు రాయికి పెట్టారు. తెగ మాత్రం భూమి రికార్డులో ఎక్కలేదు.

స్టేషన్ల పేర్లు కూడా అలాంటివే. కరకవలస అంటే కరక్కాయ చెట్ల ఊరు. శిమిలి అంటే బూరుగు, శిమిలిగుడ బూరుగు చెట్టు గూడెం. బోర్డు మీద పేరు మాదే, మూడు లిపుల్లో రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసి అద్దాల పెట్టెలో కూర్చున్న పర్యాటకులు ఫోటో తీసుకుంటారు. 2017 నుంచి అరకు బండికి అద్దాల పెట్టె తగిలించారు. కొండలూ లోయలూ అందులోంచి బాగా కనబడతాయి. పట్టాల పక్కన ఉన్న మనిషి కథ మాత్రం ఎవరైనా చెప్తే తప్ప తెలియదు.

బండి ఇచ్చినదీ, ఇవ్వనిదీ

రైలు మాకేమీ చేయలేదని రాస్తే అది అబద్ధం. కాన్పు కష్టమైన ఆడమనిషిని డోలీలో స్టేషను దాకా మోసుకొచ్చి, ప్యాసింజరు ఎక్కించి కేజీహెచ్‌కు చేర్చి బతికించుకున్న ఇళ్లున్నాయి. మేము చదువుకున్నది ఈ బండి మీదే. తక్కువ టిక్కెట్టుతో విశాఖ వెళ్లి పరీక్షలు రాసి, చివరి బండి తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద పడుకున్న రాత్రులు మాలో చాలామందికి ఉన్నాయి. వానాకాలంలో కొండచరియ జారి లైను మూసుకుపోతే, అప్పుడు తెలుస్తుంది బండి విలువ. వారం రోజులు లోయ మూగబోయినట్టుంటుంది.

కానీ అది మా కోసం వేసిన బండి కాదు. రాయి కోసం వేసిన దారిలో మిగిలిన చోటు మాకు ఇచ్చారు. ఇటుకల పండగప్పుడు మా ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయే బస్సునూ జీపునూ ఆపి, నాలుగు రూపాయలు తీసుకుని నవ్వుతూ పంపిస్తారు. మా నేల మీద నుంచి పోతున్నావు, మా పండగకు ఏదైనా ఇచ్చి పో అని దాని అర్థం. రాయి బండిని మాత్రం ఎవరూ ఆపలేదు. దాని దగ్గర పండగ మామూలు ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

అడగడం ఎలాగో నేర్పింది ఈ లైను పక్కనే జరిగిన ఇంకొక కథ. బొర్రా, అనంతగిరి ప్రాంతంలో కాల్సైటు, అభ్రకం తవ్వకానికి ప్రైవేటు వాళ్లకు లీజులు ఇచ్చారు. ఊళ్లవాళ్లు అడ్డుపడ్డారు. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని, లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత జనం కోసం పక్కన పెట్టాలని అందులో ఉంది. దేశమంతా సమత తీర్పు అని చెప్పుకునేది దీన్నే. బొర్రా పేరు గుహల వల్ల పర్యాటకులకు తెలుసు. ఆ తీర్పు వల్ల కూడా తెలియాలి.

ఇప్పుడు ఎందుకు

మొదట్లో చెప్తామన్న సంగతికి వస్తున్నాం. కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను పని సాగుతోంది. పాత పట్టాల పక్కన మళ్లీ కొండ తొలుస్తున్నారు. మళ్లీ మందు పేలుతోంది. మొదటి లైను వచ్చినప్పుడు మా తాతల దగ్గర ఏ కాగితమూ లేదు, అడిగే దారీ లేదు. ఇప్పుడు అలా కాదు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు హక్కులు తేల్చే పని పూర్తయ్యేదాకా సాగు చేసుకునేవాణ్ణి ఖాళీ చేయించకూడదు. తాతల దగ్గర లేనివి మన దగ్గర ఉన్నాయి. కానీ చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. గ్రామసభ పుస్తకంలో ఏం రాశారో చదివి, అర్థం చేసుకుని, ఆ తర్వాతే వేలిముద్రో సంతకమో పెట్టాలి.

మేము రెండో లైను వద్దని అనడం లేదు. రెండు లైన్లయితే మనుషుల బండి క్రాసింగులో తక్కువ ఆగుతుందేమో, ఇంకో బండి వస్తుందేమో అన్న ఆశ మాకూ ఉంది. అయితే ఆ మాట ఎవరో అనుకుంటే సరిపోదు, మనం అడగాలి. లైను రెండైనప్పుడు మనుషుల బళ్లు ఎన్ని అవుతాయి? చిన్న స్టేషన్లలో ఆగుతాయా? భూమి పోయినవాడి పిల్లకు ఉద్యోగమో, వేరే భూమో ఉందా? మందు పేల్చడం వల్ల ఊట బావి ఎండితే నీళ్లు ఎవరు ఇస్తారు? ఈ ప్రశ్నలు 1960లో ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు. అందుకే ఇప్పుడు మన దగ్గర జవాబు కూడా లేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ ఏడు రైలు పాఠం చెప్పేటప్పుడు 1853 చెప్పండి. దాంతోపాటు 1892, 1931, 1933, 1960, 1966, 1997 కూడా నల్లబల్ల మీద రాయండి. పిల్లలను ఇంటికి పంపి అవ్వనూ తాతనూ అడిగి రమ్మనండి. మన ఊళ్లో లైను ఎవరి పొలం మీద నుంచి పోయింది, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఏ బావి పోయింది, ఏ దేవుణ్ణి జరిపారు. వాళ్లు చెప్పినది చెప్పినట్టు, వాళ్ల భాషలోనే, నోటుబుక్కులో రాయించండి. తేదీ వేయించండి. ఊరి పేరు రాయించండి. ఆ నోటుబుక్కును బడి బీరువాలో దాచండి. మేము మా బడిలో మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు ఇళ్ల కథలు వచ్చాయి. అందులో ముగ్గురు చెప్పిన తర్వాత ఏడాది తిరక్కుండానే పోయారు.